మాంద్యం వింతలు: వాల్‌స్ట్రీట్ నుంచి మధురానగర్ దాకా

హైదరాబాద్ మధురానగర్, ఎస్సార్ నగర్, ఎల్లారెడ్డిగూడ సందుల్లో గోడలకూ కరెంటు స్తంభాలకూ అంటించే కోర్సుల పోస్టర్లను ఎవరైనా పాతికేళ్ళుగా దాచిపెట్టి ఉంటే, అమెరికా ఆర్థిక చరిత్రకు వేరే పుస్తకం అక్కర్లేదు. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్ అని ఉంటే అది వై2కే కాలం. ఆ తర్వాత వరసగా జావా, టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, డెవాప్స్, ఇప్పుడు ఏఐ. అక్కడ ఉద్యోగాలు పెరిగితే ఇక్కడ బ్యాచ్‌లు నిండుతాయి. అక్కడ కోతలు పడితే ఇక్కడ హాస్టల్ గదుల్లో మంచాలు ఖాళీ అవుతాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడడం అంటే ఇదే.

అసలు ఉరుము 1929లో ఉరిమింది. ఆ మహా మాంద్యం పుట్టించిన రికార్డులు కొన్ని ఇప్పటికీ చెక్కు చెదరలేదు. కొన్ని ఆ తర్వాత బద్దలయ్యాయి. కొన్ని చట్టాలై మిగిలాయి. ఆ చట్టాలలో ఒకటి అమెరికాలో పనిచేస్తున్న మధురానగర్ పిల్లల పేస్లిప్‌లో ప్రతి నెలా కనిపిస్తూనే ఉంది. దాని సంగతి చివర్లో.

మూడేళ్ళలో పడింది, లేవడానికి 25 ఏళ్ళు

1929 సెప్టెంబర్ 3న డౌ జోన్స్ సూచీ 381.17. 1932 జూలై 8న 41.22. అంటే 89 శాతం ఆవిరి. వంద డాలర్లు పెట్టినవాడికి పదకొండు మిగిలాయి. సూచీ మళ్ళీ పాత ఎత్తుకు చేరింది 1954 నవంబర్ 23న. ఆ శిఖరం రోజున పాతికేళ్ళ కుర్రాడు పెట్టుబడి పెట్టి ఉంటే, అసలు తిరిగి కళ్ళజూసేసరికి యాభై.

1929 అక్టోబర్ 29, మంగళవారం, ఒక్క రోజులో కోటీ 64 లక్షల షేర్లు చేతులు మారాయి. ఆ రికార్డు 1968 దాకా నిలిచింది. అయితే ఒక్క రోజు పతనంలో మాత్రం 1929ది మొదటి స్థానం కాదు. అప్పటి సోమ, మంగళవారాల్లో సూచీ సుమారు 13, 12 శాతం చొప్పున పడితే, 1987 అక్టోబర్ 19న ఒకే రోజు 22.6 శాతం పడింది.

ఇంకో వింత ఏమిటంటే, ఒక్క రోజులో అత్యధికంగా పెరిగిన రికార్డు కూడా మాంద్యం నడిబొడ్డులోనిదే. 1933 మార్చి 15న 15.34 శాతం. బ్యాంకుల సెలవుతో మూతపడిన స్టాక్ ఎక్స్ఛేంజీ తిరిగి తెరిచిన రోజు అది. తొంభై ఏళ్ళు దాటినా దాన్ని ఎవరూ మించలేదు.

పొడవైనదీ, పొట్టిదీ

మహా మాంద్యమే అన్నిటికన్నా పొడవైనదని చాలామంది అనుకుంటారు. అమెరికా ఆర్థికవేత్తల అధికారిక లెక్కలో 1929 ఆగస్టు నుంచి 1933 మార్చి వరకు సాగిన క్షీణత 43 నెలలు. 1873లో మొదలైన క్షీణత 65 నెలలు సాగింది. పొడవులో అదే మొదటిది. లోతులో 1929కి సాటి లేదు. 2007 డిసెంబర్‌లో మొదలైనది 18 నెలలు. అన్నిటికన్నా పొట్టిది 2020లో కోవిడ్ తెచ్చినది, రెండే నెలలు. కానీ ఆ రెండు నెలల్లోనే ఏప్రిల్‌లో ఒక్క నెలలో రెండు కోట్ల ఉద్యోగాలు పోయాయి.

నిరుద్యోగం లెక్కలు చూస్తే 1933లో సుమారు 25 శాతం, అంటే నలుగురిలో ఒకరికి పని లేదు. తలలు లెక్కపెడితే కోటీ 28 లక్షలు. 2009 అక్టోబర్‌లో 10 శాతం. 2020 ఏప్రిల్‌లో దాదాపు 15 శాతం.

అమెరికా నుంచి పారిపోయిన సంవత్సరం

వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి, వచ్చాక 108 చేసే ఊరికి ఇది నమ్మబుద్ధి కాదు. 1932లో అమెరికాకు వలస వచ్చినవాళ్ళు 35,576 మంది. అమెరికా వదిలి వెళ్ళినవాళ్ళు 1,03,295 మంది. ఒకరు వస్తే ముగ్గురు వెళ్ళారు. 1931లో సోవియట్ వాణిజ్య సంస్థ ఒకటి రష్యాలో ఆరు వేల ఉద్యోగాలున్నాయని ప్రకటిస్తే, లక్ష మంది దాకా అమెరికన్లు దరఖాస్తు పెట్టుకున్నారు.

అందరూ ఇష్టపడి వెళ్ళలేదు. 1930 సెప్టెంబర్‌లోనే అధ్యక్షుడు హూవర్ ప్రభుత్వం విదేశాల్లోని కాన్సులేట్లకు కబురు పెట్టింది. వచ్చాక ప్రభుత్వానికి భారమయ్యేలా కనిపిస్తే వీసా ఇవ్వొద్దని ఆ కబురు సారాంశం. మెక్సికో మూలాలున్న లక్షల మందిని బెదిరించో బతిమాలో సరిహద్దు దాటించారు. వాళ్ళలో చాలామంది అమెరికాలో పుట్టిన పౌరులే. మాంద్యం వచ్చిందంటే అన్నిటికన్నా ముందు మూతపడేది వీసా కిటికీ. ఈ అలవాటు అప్పటిది.

ఆ రోజుల్లో అక్కడ మనవాడు

అప్పట్లో భారతీయులు అమెరికాలో స్థిరపడడానికి 1917 నాటి చట్టమే అడ్డం. పౌరసత్వం కుదరదని 1923లో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. అయినా ఆ మాంద్యం అంతటినీ అక్కడే ఉండి చూసిన తెలుగువాడు ఒకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోస్టన్ చేరిన కొత్తలో పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట కూలి పని చేశారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఏటీపీ అనే అణువును కనుక్కున్నామని ప్రకటించింది 1929లోనే. వాల్‌స్ట్రీట్ కూలిన సంవత్సరంలోనే జీవకణానికి శక్తిని మోసే నాణెం బయటపడిందన్నమాట. 1930లో డాక్టరేట్ వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన పదవి మాత్రం దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్ళారు. 1948లో చనిపోయేదాకా ఆయన అమెరికా చట్టం దృష్టిలో విదేశీయుడే.

1946లో తలుపు కొంచెం తెరిచి, భారతీయులకు ఏడాదికి వంద మంది కోటా ఇచ్చారు. ఇవాళ హెచ్-1బీ ఉద్యోగ వీసా ఆమోదాల్లో పదింట ఏడు భారతీయులవే.

ప్రపంచ కుబేరుడు మన ఊళ్ళోనే

అమెరికా ఇంకా మాంద్యం నుంచి కోలుకోని 1937లో, ఫిబ్రవరి 22 సంచిక ముఖచిత్రంగా టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా సంపన్నుడి బొమ్మ వేసింది. ఆయన రాక్‌ఫెల్లరూ కాదు, ఫోర్డూ కాదు. హైదరాబాద్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన సంపద ప్రధానంగా నగలు, బంగారం, భూములు. పొదుపరి అని పేరున్న ఆయన, జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడారంటారు. ఆ వజ్రం సహా 173 నగలను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది.

బంగారం ఇంట్లో ఉంటే జైలు

1933 ఏప్రిల్ 5న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. వంద డాలర్ల విలువకు మించిన బంగారు నాణేలు, బిస్కెట్లు ఎవరి దగ్గరున్నా బ్యాంకుకు అప్పగించాలి. ఔన్సుకు 20.67 డాలర్లు ఇస్తారు. దాచుకుంటే పది వేల డాలర్ల జరిమానా, పదేళ్ళ జైలు, లేదా రెండూ. బంగారమంతా చేతికి వచ్చాక 1934 జనవరిలో ప్రభుత్వమే ధరను 35 డాలర్లకు పెంచుకుంది. ఇచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఇంట్లో బంగారం దాచుకునే స్వేచ్ఛ అమెరికన్లకు మళ్ళీ 1974 చివరి రోజుకి గానీ రాలేదు. నగలకు మినహాయింపు ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ఉత్తర్వు మన అత్తాకోడళ్ళ ముందు ఒక్క పూట నిలిచేది కాదు.

మన దగ్గర బంగారం వేరే దారిలో పోయింది. పంటల ధరలు దాదాపు సగానికి పడిపోయాయి. శిస్తూ వడ్డీ మాత్రం ఆ మేరకు తగ్గలేదు. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేయడంతో బంగారం ధర లేచింది. రైతులు ఇంట్లో ఉన్న కాస్త బంగారం అమ్ముకున్నారు. ఓడలకొద్దీ బంగారం బొంబాయి రేవు దాటింది. అక్కడ బంగారాన్ని ఉత్తర్వు తీసుకుంటే ఇక్కడ శిస్తు తీసుకుంది. కోస్తా జిల్లాల్లో ఎన్.జి. రంగా రైతు ఉద్యమం బలపడిందీ ఆ రోజుల్లోనే. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విముక్తి చట్టం తెచ్చింది 1938లో.

అతి పెద్ద నోటు, అతి తేలిక నోటు

అమెరికా ముద్రించిన నోట్లలో అతి పెద్దది లక్ష డాలర్ల నోటు. 1934 శ్రేణి బంగారు పత్రం అది. దాని మీద ఉడ్రో విల్సన్ బొమ్మ ఉంటుంది. రిజర్వు బ్యాంకులు తమలో తాము లెక్కలు తీర్చుకోవడానికే తప్ప, మామూలు మనిషి దాన్ని జేబులో పెట్టుకోవడానికి వీల్లేదు.

విచిత్రంగా అదే అంకె 2025 సెప్టెంబర్‌లో అమీర్‌పేట అంతటా మోగిపోయింది. దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము కట్టాలని అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించారు. ఆ నోటు ఇప్పుడు చెలామణిలో ఉండి ఉంటే ఒక్క కాగితంతో పనయ్యేది.

ఇటు మరో కొస చూడండి. వాషింగ్టన్ రాష్ట్రంలో టెనినో అనే చిన్న ఊరు. 1931 డిసెంబర్‌లో ఉన్న ఒక్క బ్యాంకూ మూతపడింది. చిల్లర కూడా లేక వ్యాపారం ఆగిపోతే, ఊరివాళ్ళు పల్చటి చెక్క రేకుల మీద డబ్బు అచ్చేసుకున్నారు. దుకాణాల్లో చెల్లింది కూడా. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అదే ఊరు అదే పాత అచ్చు యంత్రం దుమ్ము దులిపి మళ్ళీ చెక్క డబ్బు పంచింది.

కోటి మందిని అడిగి తప్పు చెప్పిన సర్వే

1936 ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ 57 శాతంతో గెలుస్తాడని ఢంకా బజాయించింది. అప్పటికి ఆ పత్రిక జోస్యాలు వరసగా నిజమవుతూ వచ్చాయి. ఈసారి లాండన్ గెలిచింది 48 రాష్ట్రాల్లో రెండే, మెయిన్, వెర్మాంట్. ఎలక్టోరల్ ఓట్లు రూజ్‌వెల్ట్‌కు 523, లాండన్‌కు 8.

తప్పు ఎక్కడ జరిగింది? చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ పుస్తకాల నుంచీ, కారు యజమానుల జాబితాల నుంచీ తీసుకున్నారు. మాంద్యంలో ఫోనూ కారూ మిగిలినవాడి రాజకీయం వేరు, అవి పోగొట్టుకున్నవాడి రాజకీయం వేరు. పైగా కోపం ఉన్నవాడే శ్రమపడి జవాబు పంపుతాడు. అదే ఎన్నికల్లో జార్జ్ గాలప్ అనే కొత్త మనిషి 50 వేల మందిని మాత్రమే అడిగి విజేతను సరిగ్గా చెప్పాడు. డైజెస్ట్ రెండేళ్ళలో మూతపడింది. మన ఎగ్జిట్ పోల్స్ వాళ్ళు గోడకు తగిలించుకోవలసిన కథ ఇది.

ఎక్కువ కాలం ఏలినవాడు, ఎక్కువ తిట్లు తిన్నవాడు

వరసగా నాలుగుసార్లు గెలిచిన ఏకైక అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. ఆ రికార్డు బద్దలయ్యే వీలే లేదు. రెండు దఫాలకు మించి ఎన్నిక కాకూడదని 1951లో రాజ్యాంగాన్నే సవరించారు.

ఆయన అసలు పదవిలోకి రాకుండానే పోవలసింది. 1933 ఫిబ్రవరి 15న మయామీలో జుసెప్పే జంగారా అనే నిరుద్యోగి ఆయన మీదికి తుపాకి పేల్చాడు. గురి తప్పి షికాగో మేయర్ ఆంటన్ సెర్మాక్‌కు తగిలింది. ఆయన మార్చి 6న మరణిస్తే, హంతకుడికి మార్చి 20నే మరణశిక్ష అమలైంది. మధ్యలో పద్నాలుగు రోజులే.

ఇక తిట్ల రికార్డు హెర్బర్ట్ హూవర్‌ది. నిరాశ్రయుల గుడిసెలు హూవర్‌విల్‌లు. చలికి కప్పుకునే పాత పేపర్లు హూవర్ దుప్పట్లు. ఖాళీ అని చూపడానికి బయటికి తీసిన జేబులు హూవర్ జెండాలు. సియాటిల్‌లోని హూవర్‌విల్‌కు సొంతంగా మేయర్ కూడా ఉండేవాడు. అది 1941 దాకా నిలిచింది. నిజానికి హూవర్ చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని, కష్టపడి పైకొచ్చిన గనుల ఇంజినీరు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలో లక్షల మందికి తిండి పెట్టించిన పుణ్యాత్ముడని పేరు. ఆ పేరంతా మూడేళ్ళలో కొట్టుకుపోయింది. ఆఖరికి ఆయన పేరున్న ఆనకట్టకు కూడా 1933లో పేరు తీసేసి బౌల్డర్ డ్యామ్ అన్నారు. 1947లో మళ్ళీ హూవర్ డ్యామ్ చేశారు. ప్రభుత్వం మారితే పేర్లు మారడం మన ఒక్కళ్ళ ఆచారం కాదు.

నలభై నిమిషాల చట్టం, పదిహేను గంటల ప్రసంగం

1932 నవంబర్‌లో ఎన్నికైన రూజ్‌వెల్ట్ పదవిలోకి వచ్చేసరికి 1933 మార్చి 4. ఆ నాలుగు నెలల్లో దిగిపోయేవాడు చేయలేక, ఎక్కేవాడికి అధికారం లేక బ్యాంకులు వరసగా కూలాయి. ప్రమాణ స్వీకారం తేదీ జనవరి 20కి ముందుకు జరిగింది ఆ తర్వాతే. మార్చి 9న అత్యవసర బ్యాంకింగ్ బిల్లు సభకు వచ్చింది. పంచడానికి ప్రతులు లేవు. ఒకే ప్రతి పైకి చదివారు. దిగువ సభలో చర్చ నలభై నిమిషాలు కూడా సాగలేదు. రాత్రికల్లా సంతకం అయిపోయింది. మూడు రోజుల తర్వాత, ఆదివారం రాత్రి, రూజ్‌వెల్ట్ రేడియోలో బ్యాంకు ఎలా పనిచేస్తుందో జనానికి మామూలు మాటల్లో వివరించారు. మర్నాడు బ్యాంకులు తెరిస్తే, డబ్బు తీసుకోవడానికి కాదు, తిరిగి వేయడానికి క్యూ కట్టారు.

దీనికి పూర్తి విరుద్ధం లూసియానా సెనేటర్ హ్యూయీ లాంగ్. 1935 జూన్‌లో రూజ్‌వెల్ట్ బిల్లును ఆపడానికి పదిహేనున్నర గంటలు మాట్లాడాడు. విషయం అయిపోతే ఆల్చిప్పలు వేయించే విధానం చెప్పాడు. ప్రకృతి పిలుపు ఆపుకోలేక కూర్చున్నాడు. మూడు నెలలు తిరక్కుండా హత్యకు గురయ్యాడు. సెనేట్‌లో ఏకబిగి ప్రసంగం రికార్డు ఇప్పుడు కోరీ బుకర్‌ది, 2025లో 25 గంటల ఐదు నిమిషాలు.

చిటికెలో మరికొన్ని

ఎంపైర్ స్టేట్ భవనం: 102 అంతస్తులను 410 రోజుల్లో కట్టారు. 1931 మే 1న తెరిస్తే అద్దెకు దిగేవాళ్ళు లేరు. దాదాపు నలభై ఏళ్ళు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన ఆ భవనాన్ని మొదట్లో జనం ఖాళీ భవనం అని ఎగతాళి చేశారు.

పందుల ఊచకోత: 1933లో ధరలు పెంచడానికి 60 లక్షల పంది పిల్లలను ప్రభుత్వమే కొని చంపించింది. కోటి ఎకరాల్లో మొలిచిన పత్తిని దున్నించేసింది. అదే సమయంలో పట్టణాల్లో ఉచిత సూప్ కోసం బారులు.

దొంగ అన్నదానం: షికాగోలో నిరుద్యోగులకు ఉచితంగా తిండి పెట్టిన కేంద్రాల్లో ఒకదాని దాత ముఠా నాయకుడు అల్ కాపోన్.

మోనోపలీ ఆట: ఇళ్ళూ స్థలాలూ కొని పక్కవాడిని దివాలా తీయించే ఈ ఆట బజారులో విరగబడి అమ్ముడైంది 1935లో, నిజంగా ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ దేశంలో. దాని మూలం 1904లో లిజీ మేగీ అనే మహిళ పేటెంటు పొందిన ఆట. భూస్వాముల అద్దె దోపిడీని ఎండగట్టడానికి ఆమె దాన్ని తయారు చేసింది.

డిపాజిట్ బీమా: బ్యాంకు మునిగినా ఖాతాదారుకు డబ్బు వచ్చే ఏర్పాటు అమెరికాలో 1934 జనవరి 1న 2,500 డాలర్లతో మొదలైంది. ఇప్పుడు రెండున్నర లక్షలు. మన దగ్గర 1960లో పాలై సెంట్రల్ బ్యాంకు కూలాక, 1962లో 1,500 రూపాయలతో మొదలైంది. 2020 ఫిబ్రవరి నుంచి ఐదు లక్షలు.

శిఖరం మీద క్లింటన్

2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చి హైటెక్ సిటీలో మాట్లాడారు. ఐటీ బంగారు బాతు అని నగరం మురిసిపోయింది. అదే తేదీన న్యూయార్క్‌లో ఎస్ అండ్ పీ 500 సూచీ 1,527.46 వద్ద ముగిసింది. అప్పటి పరుగుకు శిఖరం అదే. నాస్‌డాక్ అప్పటికే రెండు వారాల కిందట, మార్చి 10న, శిఖరం తాకి దిగుతోంది. 2002 అక్టోబర్ నాటికి అందులో 78 శాతం పోయింది.

ఆ పతనాన్ని ఇక్కడి నుంచి చూసినవాడు సియాంగ్ బియావ్ అనే చైనా మానవ శాస్త్రవేత్త. హైదరాబాద్, సిడ్నీలలో తెలుగు ఐటీ కుర్రాళ్ళ వెంట తిరిగి, కన్సల్టెన్సీలు మనుషులను ఎలా సరఫరా చేస్తాయో, పని దొరికేదాకా బెంచ్ మీద ఎలా కూర్చోబెడతాయో పరిశోధించాడు. 2007లో ప్రిన్స్‌టన్ నుంచి పుస్తకంగా వచ్చింది. అమీర్‌పేటకు బాగా తెలిసిన బెంచ్ అనే మాటకు ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో అలా పీట దొరికింది.

కాన్సులేట్ తెరిచారు, వీసాలు మిగిలాయి

2008 సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆస్తులు 63,900 కోట్ల డాలర్లు. అమెరికా చరిత్రలో అంతకన్నా పెద్ద దివాలా లేదు. పది రోజులకే వాషింగ్టన్ మ్యూచువల్ మునిగింది. బ్యాంకుల్లో అతి పెద్ద పతనం అది. సరిగ్గా ఆ తర్వాతి నెలలో పంజాగుట్టకు కూతవేటు దూరంలో, బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరుచుకుంది. స్వాతంత్ర్యం తర్వాత భారత్‌లో అమెరికా కొత్తగా తెరిచిన మొదటి కాన్సులేట్ అదే. 2023లో అది నానక్‌రామ్‌గూడకు మారింది.

హెచ్-1బీ కోటా ఎంత వేగంగా నిండిందో చూస్తే మాంద్యం లోతు తెలుస్తుంది. 2007 ఏప్రిల్‌లో మొదటి రెండు రోజుల్లోనే దరఖాస్తులు లక్ష దాటాయి. 2008లో ఐదు రోజుల్లో లక్షా 63 వేలు. 2009 ఏప్రిల్‌లో తెరిచిన కోటా నిండేసరికి డిసెంబర్ 21. ఆ తర్వాతి ఏడాది ఇంకా నెమ్మది. 2010 ఏప్రిల్‌లో తెరిచినది 2011 జనవరి 26న నిండింది. వీసాలున్నా అడిగే కంపెనీలు లేవు. అప్పుడూ పాత అలవాటే. ప్రభుత్వ సాయం తీసుకున్న బ్యాంకులు హెచ్-1బీ వాళ్ళను తేలిగ్గా చేర్చుకోకుండా 2009 ఫిబ్రవరిలో చట్టంలో ఆంక్ష పెట్టారు.

అదే 2009 జనవరిలో రెండు దెబ్బలు. 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కల్లో ఏడు వేల కోట్ల రూపాయలకు పైగా తేడా ఉందని లేఖ రాశారు. షేరు ఆ రోజే సుమారు 78 శాతం పడింది. అంతకు నాలుగు నెలల ముందే ఆ సంస్థకు సుపరిపాలన అవార్డు వచ్చింది. 22న మైక్రోసాఫ్ట్ ఐదు వేల ఉద్యోగాలు తీసేస్తామంది. 34 ఏళ్ళ ఆ సంస్థ చరిత్రలో అది మొదటి భారీ కోత. మళ్ళీ 2023 జనవరిలో పది వేల కోత ప్రకటించినప్పుడు దాని అధిపతి బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ళ. రెండు కొసల్లోనూ హైదరాబాదీలే ఉన్నారు.

పదిహేడు సెంట్ల చెల్లింపు, పదేళ్ళ లెక్క

అమెరికా మంత్రివర్గంలో తొలి మహిళ, కార్మిక శాఖ మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ పట్టుబట్టి రూపొందించిన సోషల్ సెక్యూరిటీ చట్టం మీద 1935 ఆగస్టు 14న సంతకం పడింది. తొలి చెల్లింపుల్లో ఒకటి ఎర్నెస్ట్ ఆకర్‌మన్ అనే ట్రామ్ ఉద్యోగికి 1937లో దక్కింది. కట్టింది ఐదు సెంట్లు, వచ్చింది పదిహేడు. నెలవారీ పింఛను మొదట అందుకున్నది వెర్మాంట్‌కు చెందిన ఐడా మే ఫుల్లర్. 1940 జనవరి 31న ఒకటో నంబరు చెక్కు, 22 డాలర్ల 54 సెంట్లు. మూడేళ్ళలో ఆమె కట్టిన పన్ను 24 డాలర్ల 75 సెంట్లు. నూరేళ్ళు బతికి మొత్తం 22,888 డాలర్లు పైచిలుకు తీసుకున్నారు. ఆ చట్టం చరిత్రలో ఇంత లాభసాటి బేరం ఇంకెవరికైనా తగిలిందో లేదో.

నష్టపు బేరం ఎవరిదో మధురానగర్ వాళ్ళకు తెలుసు. హెచ్-1బీ మీద పనిచేసే ప్రతివాడి జీతంలోంచి ఈ చట్టం కింద 6.2 శాతం కోస్తారు. కంపెనీ ఇంకో 6.2 శాతం వేస్తుంది. పింఛనుకు అర్హత రావాలంటే 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు, అంటే పదేళ్ళ ఉద్యోగం. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి, 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా దొరక్కపోతే చాలామందికి తిరుగు ప్రయాణమే. ఎనిమిదో ఏట వెనక్కి వచ్చినవాడికి ఎనిమిదేళ్ళ కోత తిరిగి రాదు. జర్మనీ, జపాన్, కెనడా, ఆస్ట్రేలియాలతో భారత్‌కు సామాజిక భద్రత ఒప్పందాలున్నాయి. అమెరికాతో లేదు. ఎన్నేళ్ళుగానో అడుగుతూనే ఉన్నారు.

కాబట్టి అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో వచ్చేస్తానంటే, పెట్టె సర్దే ముందు సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి క్రెడిట్లు ఎన్ని ఉన్నాయో చూసుకోమనండి. నలభై నిండితే, ఆ పింఛను నిబంధనల మేరకు హైదరాబాద్‌కు కూడా వస్తుంది. ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగితే మాత్రం, ఇంకొన్ని నెలలు ఓపిక పట్టడం ఎంత విలువైనదో అప్పుడే లెక్క వేసుకోవాలి.